జెనోవర్స్ 2లో ఇరుక్కుపోయారా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

డ్రాగన్ బాల్ కార్టూన్ మీద చేసిన వీడియో గేమ్ డ్రాగన్ బాల్ జెనోవర్స్ 2 విడుదలైంది 2016 అక్టోబర్‌లో. తయారు చేసింది డింప్స్, మార్కెట్లోకి తెచ్చింది బందాయ్ నామ్‌కో. ఇన్నేళ్ళ తర్వాత కూడా దీన్ని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఇరుక్కునే చోట్లు మాత్రం మొదటి రోజు నుంచీ అవే.

పైకి ఇది ఫైటింగ్ గేమ్. లోపల సగం రోల్ ప్లేయింగ్: సొంత క్యారెక్టర్, లెవెళ్ళు, పాయింట్లు, బట్టలు, గురువుల దగ్గర నేర్చుకునే స్కిల్స్. అందుకే ఓడిపోయినప్పుడు తప్పు చేతిలో ఉందో మెనూలో ఉందో తేలదు. చాలామంది "లెవెల్ చాల్లేదు" అనుకుని పాత క్వెస్టులే, అంటే ఆట ఇచ్చే మిషన్లే, గంటలకొద్దీ తిరగేస్తారు. లెవెల్ కారణం కావడం నేను చాలా అరుదుగా చూశాను.

లక్షణం: లెవెల్ సరిపోయినా బాస్ నన్ను ఉతికేస్తున్నాడు

ముందు ఒక పని చేయండి. ఓడిపోయిన వెంటనే మళ్ళీ ఆడకుండా, ఆ ఫైట్ వీడియో చూడండి. పీఎస్4లో అయితే షేర్ బటన్ వెనుక చివరి 15 నిమిషాల ఆట రికార్డయి ఉంటుంది. చూసేటప్పుడు మీ ప్రాణం బార్‌ని వదిలేయండి, స్టామినా బార్ ఒక్కదాన్నే గమనించండి.

నామెక్ గ్రహం మీద విలన్ ఫ్రీజాతో ఫైట్‌లో నేను వరసగా ఓడిపోతున్నప్పుడు ఇలాగే చూశాను. మూడు ఫైట్లలోనూ ఒకే వరుస. దూరం నుంచి బూస్ట్‌తో దూసుకెళ్తున్నాను, స్టామినా కొంత పోయింది. అతను కొట్టగానే మాయమై వెనక తేలుతున్నాను, ఇంకొంత పోయింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ మాయమయ్యాను. బార్ ఖాళీ. ఆ క్షణంలో నా క్యారెక్టర్ తూలి నిలబడిపోయింది, అతని అల్టిమేట్, అంటే అన్నిటికంటే పెద్ద దెబ్బ, నేరుగా వచ్చి తగిలింది. సగం ప్రాణం ఆ ఒక్క దెబ్బకే పోయింది. అప్పటిదాకా ఫ్రీజా దెబ్బ పెద్దదనుకున్నాను. అది తగిలే చోట నన్ను నేనే నిలబెట్టుకుంటున్నానని వీడియో చూశాకే తెలిసింది.

కారణం ఇదీ. బూస్ట్ పరుగు, దెబ్బ తప్పించుకుని వెనక తేలే వానిష్, కాంబో మధ్యలోంచి బయటపడేసే ఎవేసివ్ స్కిల్, ఇవన్నీ తాగేది ఒకే స్టామినాని. బరువైన దెబ్బల్ని గార్డ్‌తో ఆపినా కొంత పోతుంది. సున్నాకి చేరితే స్టామినా బ్రేక్. మళ్ళీ నిండేదాకా వానిష్ లేదు. ఎదుటివాడికీ ఇదే రూలు. ఆట మొత్తం ఈ ఒక్క లెక్క మీద తిరుగుతుంది, మొదట్లో వచ్చే ట్యుటోరియల్ దీన్ని చెప్పాల్సినంత గట్టిగా చెప్పదని నా అభిప్రాయం.

ఇక పరిష్కారం. బూస్ట్‌ని శత్రువు దగ్గరికి చేరేలోపే వదిలేయండి, మిగతా దూరం మామూలుగా ఎగరండి. కాంబో మొదటి దెబ్బకే వానిష్ నొక్కకండి. చిన్న దెబ్బలు రెండు తినండి, పెద్దది వచ్చేటప్పుడు వాడండి. అన్నిటికంటే ముఖ్యం, మీ అల్టిమేట్‌ని శత్రువు స్టామినా అయిపోయాకే వదలండి. అతని దగ్గర స్టామినా ఉంటే మాయమై తప్పించుకుంటాడు, మీ కీ, అంటే స్కిల్స్‌కి ఖర్చయ్యే శక్తి, గాల్లో కలుస్తుంది. సూపర్ కమేహమేహా అనే అల్టిమేట్ కిరణానికి 300 కీ ఖర్చు. మామూలు కమేహమేహాకి 100. మూడు చిన్నవి వదిలే శక్తిని ఒక్క గురి తప్పిన దెబ్బకి పోసేశారన్నమాట.

చేతికి అలవాటు కావాలంటే తేలికైన పారలల్ క్వెస్ట్ (కథకి బయట విడిగా ఆడే మిషన్) ఒకటి తీసుకుని, అది అయ్యేదాకా వానిష్ అసలు నొక్కనని పట్టుబట్టి ఆడండి. గార్డ్ మాత్రమే. మొదటి రెండుసార్లు చికాకు పుడుతుంది. తర్వాత ఏ దెబ్బని గార్డ్‌తో ఆపొచ్చు, దేనికి తప్పుకోక తప్పదు అన్నది వేళ్ళకే తెలిసిపోతుంది.

లక్షణం: స్కిల్స్ అన్నీ మంచివే, దెబ్బ మాత్రం బలంగా పడట్లేదు

లెవెల్ పెరిగినప్పుడల్లా వచ్చిన పాయింట్లని ఆరు చోట్లకీ సమానంగా పంచి ఉంటారు. ప్రాణం, కీ, స్టామినా, బేసిక్ అటాక్, స్ట్రైక్ సూపర్, కీ బ్లాస్ట్ సూపర్. అన్నిట్లో కొంచెం కొంచెం ఉన్న క్యారెక్టర్ కథ చివరికొచ్చేసరికి దేనిలోనూ నిలబడదు.

మీ స్కిల్ జాబితా తెరవండి. కమేహమేహాలాంటి కిరణాలే ఎక్కువ ఉంటే మీరు కీ బ్లాస్ట్ మనిషి, స్ట్రైక్ సూపర్‌లో పెట్టిన ప్రతి పాయింటూ వృథా. చేతితో కొట్టే స్కిల్స్ ఎక్కువుంటే లెక్క తిరగబడుతుంది. కాంబోలే ప్రాణం అనుకునేవాళ్ళకి బేసిక్ అటాక్. వీటిలో ఒక్కటి ఎంచుకుని దాన్ని నింపండి. మిగిలినవి స్టామినాకి, ప్రాణానికి, కీకి.

జాతిని కూడా చూసుకోవాలి. నామెకియన్‌కి ప్రాణం ఎక్కువ, కానీ బేసిక్ దెబ్బ బలహీనం. సైయన్‌ది దానికి ఎదురు: ప్రాణం తక్కువ, చావు అంచుకి వెళ్ళేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. భూలోకవాసి కీ దానంతటదే మెల్లగా నిండుతుంది కాబట్టి కిరణాల దారి వాళ్ళకి బాగా కుదురుతుంది.

ఇప్పటికే పంచేసి ఉంటే కంగారు వద్దు, క్యారెక్టర్‌ని చెరిపి మొదటికి రావొద్దు. ఏడు డ్రాగన్ బాల్స్ పోగుచేసి ఆటలోని ప్రధాన నగరం కాంటన్ సిటీలో కోరికలు తీర్చే డ్రాగన్ షెన్‌రాన్‌ని పిలిస్తే, కోరికల్లో పాయింట్లన్నీ వెనక్కిచ్చేది ఒకటుంది. కొత్తవాళ్ళకి నా మాట: మొదటి కోరిక డబ్బుకి వాడేయకండి.

లక్షణం: డ్రాగన్ బాల్స్ ఒక్కటీ దొరకట్లేదు

పారలల్ క్వెస్టుల మధ్యలో అప్పుడప్పుడు వేరే టైమ్ పెట్రోలర్లు (మీ క్యారెక్టర్‌లాంటి కాల రక్షకులు) శత్రువులుగా దిగుతారు. బంతి వాళ్ళ దగ్గరే ఉంటుంది. వాళ్ళని ఓడించాలి, పడిన వస్తువుని దగ్గరికెళ్ళి తీసుకోవాలి, తర్వాత క్వెస్ట్ గెలవాలి. చాలామంది రెండో మెట్టు దగ్గర పోగొట్టుకుంటారు: శత్రువు పడిపోయిన ఆనందంలో కింద పడిన వస్తువుని చూడకుండా మిగతావాళ్ళ మీదకి వెళ్ళిపోతారు. అది తీసుకోకముందే క్వెస్ట్ ముగిస్తే ఏమీ రాదు. త్వరగా అయిపోయే క్వెస్ట్ ఒకటి ఎంచుకుని దాన్నే తిప్పండి. పెట్రోలర్ దిగకపోతే చివరిదాకా లాగకుండా మళ్ళీ మొదలుపెట్టండి.

లక్షణం: ఒకే క్వెస్ట్ ఎన్నిసార్లు గెలిచినా కావలసిన స్కిల్ పడట్లేదు

క్వెస్ట్ గెలవడం వేరు, అల్టిమేట్ ఫినిష్ వేరు. మామూలు లక్ష్యం అయ్యాక కొన్ని షరతులు కుదిరితే కొత్త శత్రువులు వస్తారు, వాళ్ళనీ ఓడిస్తే అల్టిమేట్ ఫినిష్. స్నేహితుడు పడిపోకూడదనో, ఇంత సమయంలోపే అయిపోవాలనో ఆ షరతులుంటాయి. చాలా స్కిల్స్ అక్కడే దాగి ఉంటాయి. అంతా సరిగ్గా చేసినా పడుతుందన్న గ్యారంటీ లేదు, అదృష్టం పాత్ర ఉంది. కానీ అల్టిమేట్ ఫినిష్ రాకుండా 20 సార్లు గెలిచానంటే అదృష్టాన్ని తిట్టుకోవాల్సిన పని లేదు, షరతు దగ్గరే ఏదో తప్పుతోంది. ఎక్కువగా ఆ తప్పు స్నేహితుడి దగ్గర జరుగుతుంది. మీరు ఒక మూల ఫైట్‌లో ఉంటే అతను ఇంకో మూల పడిపోతాడు. అందరి ప్రాణం నింపే క్యాప్సూల్ పట్టుకెళ్ళండి. కొంటే చాలదు, ఫైట్‌కి ముందే బ్యాటిల్ ఐటమ్స్‌లో అమర్చాలి. సంచీలో ఉన్నది ఫైట్ మధ్యలో చేతికి రాదు.

లక్షణం: కొత్త బట్టలు వేసినా గణాంకాలు మారట్లేదు

క్యూక్యూ బ్యాంగ్ తగిలించి ఉంటారు. మిక్సింగ్ షాపులో రెండు బట్టల్ని కలిపి చేసే ఈ వస్తువు వేసుకున్న క్షణం నుంచి ఒంటి మీది బట్టల లెక్కలన్నీ పక్కకి పోతాయి, దాని లెక్కే నడుస్తుంది. ఇది లోపం కాదు, వరం. నచ్చిన డ్రెస్ వేసుకుని బలం మాత్రం బ్యాంగ్ నుంచి తెచ్చుకోవచ్చు. కాకపోతే మొదటి వారంలో చేసిన బలహీనమైన బ్యాంగ్‌ని లెవెల్ 60 దాకా మోసేవాళ్ళున్నారు. ఒకసారి తీసేసి అంకెలు పోల్చి చూడండి.

లక్షణం: సూపర్ సైయన్ రావట్లేదు

మొదటి ప్రశ్న: మీ క్యారెక్టర్ సైయనేనా? ఇతర జాతులకి ఆ రూపం లేదు. ఒక్కో జాతికి ఒక్కో ఇల్లుంది, అక్కడి కథ ముందుకెళ్తేనే రూపం తెరుచుకుంటుంది. సైయన్‌కి క్యాప్సూల్ కార్ప్, నామెకియన్‌కి గురు ఇల్లు, మజిన్‌కి బూ ఇల్లు, ఫ్రీజా జాతికి ఫ్రీజా ఓడ, భూలోకవాసికి హెర్క్యుల్ ఇల్లు. ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి మర్చిపోవడమే అసలు సమస్య. కథలో ముందుకెళ్ళినప్పుడల్లా, లెవెల్ పెరిగినప్పుడల్లా మళ్ళీ తలుపు తట్టండి. లెవెల్ 80 దగ్గర అనుభవం పెరగడం ఆగిపోయినా వెళ్ళాల్సింది గురు ఇంటికే.

లక్షణం: కంప్యూటర్లో ఆట నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా సాగుతోంది

చాలా ఆటల్లో కంప్యూటర్ చాలకపోతే బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. ఇందులో ఫైట్ వేగం ఫ్రేములకి కట్టి ఉంది. సెకనుకి 60 ఫ్రేములు అందకపోతే ఆటే నెమ్మదిస్తుంది, వానిష్ టైమింగ్ మొత్తం చెడిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే ముందు అనుమానించాల్సింది ఏ గ్రాఫిక్స్ చిప్ మీద నడుస్తోందన్నది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్‌కి వెళ్ళి ఈ ఆటకి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. ఛార్జర్ తగిలించే ఆడండి, బ్యాటరీ మీద చిప్ బలం తగ్గిపోతుంది. అప్పటికీ కాకపోతే నీడలు, ఆ తర్వాత రెజల్యూషన్ తగ్గించండి. స్విచ్ మీద 30 ఫ్రేములు దాని పద్ధతి, అక్కడ దీనికోసం తల పట్టుకోకండి.

లక్షణం: ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది

స్టీమ్ యాప్‌లోని కంట్రోలర్ సెట్టింగ్ స్టీమ్ ఇన్‌పుట్, ఇంకో కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. ఒకదాన్ని ఆపేయండి.

లక్షణం: ఆట మొదలవగానే ఈజీ యాంటీ చీట్ ఎర్రర్ వచ్చి మూసుకుపోతోంది

ఇది ఆటలో మోసాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్. మోడ్స్ (ఆటని మార్చే బయటి ఫైళ్ళు) ఎప్పుడూ వేయకపోతే స్టీమ్‌లో ఫైళ్ళని వెరిఫై చేయండి, యాంటీవైరస్ ఏదైనా ఫైలుని పక్కన పడేసిందేమో చూడండి. చాలావరకు అక్కడితో సర్దుకుంటుంది.

మోడ్స్ వేసి ఉంటే కథ వేరు. ఆటకి అప్‌డేట్ వస్తే మోడ్స్‌ని నడిపే పాత ప్యాచర్ దానితో పొసగదు. వెరిఫై నొక్కినా తేడా కనిపించదు, ఎందుకంటే స్టీమ్ తన ఫైళ్ళని సరిచేస్తుంది కానీ మీరు తెచ్చిపెట్టినవాటిని తీసేయదు. ఆట ఫోల్డర్‌లోకి వెళ్ళి మోడ్స్ కోసం వచ్చిన డేటా ఫోల్డర్‌నీ, బిన్ లోపల ప్యాచర్ పెట్టిన డీఎల్ఎల్ ఫైలునీ చేత్తో తీసి వేరేచోట దాచండి. తర్వాతే వెరిఫై. మోడ్స్ ఉన్న ఆటతో ఆన్‌లైన్‌లోకి వెళ్ళొద్దని గట్టిగా చెప్తున్నాను, అది ఎదుటి ఆటగాడి ఫైట్‌ని కూడా పాడుచేస్తుంది.

లక్షణం: ఆన్‌లైన్ ఫైట్ మధ్యలో తెగిపోతోంది, లేదా అసలు ఎవరితోనూ కలవట్లేదు

ఇక్కడ ఫైట్ ఇద్దరి మెషిన్ల మధ్య నేరుగా నడుస్తుంది. మీ నెట్ స్పీడ్ 100 ఎంబీపీఎస్ అని చూపించినా లాభం లేకపోవచ్చు, కావలసింది స్థిరత్వం. మొబైల్ హాట్‌స్పాట్ మీదా, కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ల మీదా చాలా ఇళ్ళకి కలిపి ఒకే బయటి అడ్రస్ ఇస్తారు. దాంతో అవతలి మెషిన్‌కి మీ ఇంటి గుమ్మం కనపడదు, కన్సోల్‌లో న్యాట్ టైప్ స్ట్రిక్ట్ అని చూపిస్తుంది. వైఫై వదిలి ల్యాన్ కేబుల్ పెట్టండి, రూటర్లో యూపీఎన్‌పీ (బయటి మెషిన్‌కి దారి తెరిచే సెట్టింగ్) ఆన్ చేయండి. అప్పటికీ స్ట్రిక్ట్ అనే ఉంటే నెట్ ఇచ్చేవాళ్ళకి ఫోన్ చేసి "పబ్లిక్ ఐపీ ఇస్తారా?" అని అడగండి. కొందరు నెలకి కొంత తీసుకుని ఇస్తారు. ఈలోగా సింగిల్ ప్లే లాబీలో ఆడుకోండి, కథకీ పారలల్ క్వెస్టులకీ నెట్ అక్కర్లేదు.