కామినోలో ఒక్క రోజు: కలిసి వెళ్లండి, ఎవరి నడక వాళ్లు నడవండి

బెంగళూరు నుంచి స్పెయిన్ వెళ్తున్న మనవాళ్లు ఈమధ్య మాడ్రిడ్, బార్సిలోనాలతో పాటు "కామినోలో ఒక రోజు నడుద్దాం" అని ప్లాన్‌లో ఇంకో లైను చేరుస్తున్నారు. మంచి ఆలోచనే. కామినో అంటే ఫ్రాన్స్ వైపు నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో కెథెడ్రల్ దాకా వచ్చే పాత యాత్రా మార్గం, దాదాపు 780 కిలోమీటర్లు, అంత సెలవు మన మేనేజర్లు ఎవరూ ఇవ్వరు. ఒక్క రోజే ఉంటే నా ఓటు ఆఖరి మజిలీకే, అంటే ఓ పెద్రౌజో అనే చిన్న ఊరి నుంచి సాంటియాగో దాకా సుమారు 20 కిలోమీటర్లు. సారియా నుంచి పోర్తోమరీన్ మజిలీ ఇంకా అందంగా ఉంటుందంటారు కానీ, అమ్మానాన్నల్ని వెంటేసుకుని వెళ్లేటప్పుడు సామాను సర్దడం, రూము మారడం పెద్ద గొడవ. ఇక్కడైతే రెండు రాత్రులూ సాంటియాగోలోనే ఉండి, పొద్దున్నే టాక్సీలో పెద్రౌజోలో దిగి, మన రూము వైపే నడుచుకుంటూ వచ్చేయొచ్చు.

యాత్ర చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ గురించి ముందే చెప్పేస్తున్నా, నడిచేవాళ్లకు కనీసం 100 కిలోమీటర్లు పూర్తయితేనే ఇస్తారు, ఒక్క రోజుకి రాదు. అయినా సాంటియాగోలోని యాత్రికుల ఆఫీసులో ముందురోజే క్రెదెన్సియాల్ అనే యాత్రికుల పాస్‌బుక్కు తీసుకుంటే, దారిలో కెఫేల్లో, చర్చిల్లో స్టాంపులు వేయించుకోవచ్చు. పిల్లలుంటే ఆ స్టాంపుల ఆశతోనే సగం దూరం నడిచేస్తారు.

వీసా సంగతి అందరికీ తెలిసిందే. స్పెయిన్‌కి కావాల్సిన షెన్‌గెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి. వేసవి సెలవుల్లో స్లాట్లు తొందరగా నిండిపోతాయి కాబట్టి గుంపులో అందరూ ఒకేసారి కూర్చుని బుక్ చేసుకోండి. మాడ్రిడ్ చమార్తీన్ స్టేషన్ నుంచి సాంటియాగోకి రైల్లో మూడు గంటల పైచిలుకు. మే, జూన్, సెప్టెంబరు నెలలు బాగుంటాయి. జులై 25 సెయింట్ జేమ్స్ పండగ (సాంటియాగో అంటే ఆయన పేరే), అది ఆదివారం పడిన ఏడాదిని పవిత్ర సంవత్సరంగా జరుపుతారు. తర్వాతిది 2027, ఆ ఏడాది వెళ్లాలనుకుంటే రూములు ఇప్పట్నుంచే చూసుకోండి. సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతంలో వాన ఏ నెలలోనైనా పడుతుంది. గొడుగు కన్నా బ్యాగు మీదుగా కప్పుకునే పోంచో నయం.

ప్రాక్టీసు మాత్రం ఇక్కడే మొదలుపెట్టాలి. ఆదివారం కబ్బన్ పార్కులో బండ్లు ఉండవు, పొద్దున ఆరుకి దిగితే ఎండెక్కేలోపు పది కిలోమీటర్లు హాయిగా అయిపోతాయి. లాల్‌బాగ్‌లో నడిచేవాళ్లకు పక్కనే గాంధీ బజార్లో విద్యార్థి భవన్ దోసె ఉండనే ఉంది, క్యూలో నిలబడటం కూడా కాళ్లకు ప్రాక్టీసే అనుకోండి. ఏ బూట్లతో అక్కడ నడుస్తారో అవే బూట్లతో, అదే బ్యాగుతో నడవండి. కొత్త బూట్లు డబ్బాలోంచి తీసి నేరుగా స్పెయిన్‌లో వేసుకుంటే పదో కిలోమీటరుకి బొబ్బలు ఖాయం. కాటన్ సాక్సులు చెమటకి తడిసి ఒరుసుకుంటాయి, అవి వద్దు. గోళ్లు కత్తిరించి, వేళ్ల మధ్య, మడమలకి వ్యాసలిన్ పట్టించి బయల్దేరండి. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడికక్కడే ఆగి ప్లాస్టర్ వేయండి, "తర్వాతి ఊళ్లో చూద్దాంలే" అనొద్దు.

ఇక అసలు విషయం, తోడు నడిచేవాళ్లు. ఆరుగురు వెళ్తే ఆరు వేగాలు. ఒకరు ఆఫీసు మీటింగుకి పరిగెత్తినట్టు నడుస్తారు, బాబాయి ప్రతి చర్చి దగ్గరా ఫొటో అంటారు, అత్తయ్య మోకాలు చూసుకుంటూ వస్తారు. అందర్నీ ఒకే వరసలో నడిపించాలని చూస్తే మధ్యాహ్నానికి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అలిపిరి మెట్లెక్కేటప్పుడు "గాలిగోపురం దగ్గర కలుద్దాం" అనుకుంటాం చూడండి, ఇక్కడా అంతే. మూడు చోట్లు ముందే అనుకోండి: అమెనాల్, లావకోయా, మోంతె దో గోజో.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించండి. మళ్లీ ఎప్పుడు బయల్దేరాలో చివర వచ్చినవాళ్లే చెప్పాలి. మామూలుగా ఏం జరుగుతుందంటే, ముందు చేరినవాళ్లు కాఫీ తాగి, కాళ్లు చాపుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటారు, అత్తయ్య ఆయాసపడుతూ వచ్చి బ్యాగు దించగానే "హమ్మయ్య వచ్చేశారు, పదండి" అని లేస్తారు. అంటే ఎక్కువ అలసిపోయిన మనిషికే రెస్టు లేదు. చివరి మనిషి వెనక ఒకరు ఉండాలి, ఆ డ్యూటీ ఆగిన ప్రతి చోటా మారాలి, లేకపోతే అది ఎప్పుడూ ఒక అల్లుడి మీదే పడుతుంది. దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు, పసుపు బాణాలు, గవ్వ గుర్తున్న రాతి స్తంభాలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ బాణాలు 1984లో ఎలియాస్ వలీన్యా అనే పల్లెటూరి పాదిరీ వేయడం మొదలుపెట్టారట, ఆయన పుణ్యమా అని మ్యాప్ తీసే పనే లేదు. అయినా ప్రతి ఒక్కరి జేబులో హోటల్ అడ్రస్ చీటీ ఉంచండి. ఎమర్జెన్సీ నంబరు 112.

బెంగళూరు అలవాటుతో నాలుగింటికి లేవకండి. అక్కడ సెప్టెంబరు చివర్లో ఎనిమిది దాటాకే తెల్లారుతుంది, జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుగుంటుంది. అమెనాల్ దాటాక నీలగిరి చెట్ల మధ్య ఎక్కుడు ఉంది, అక్కడ మెల్లగా వెళ్లండి. తర్వాత దారి విమానాశ్రయం అంచు చుట్టూ తిరిగి లావకోయా చేరుతుంది. పాతకాలం యాత్రికులు గుడికెళ్లే ముందు ఇక్కడి వాగులో ఒళ్లు కడుక్కునేవారు. ఓపిక అయిపోయినవాళ్లు ఇక్కడ టాక్సీ ఎక్కేయొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. మోంతె దో గోజో కొండ మీద నుంచి కెథెడ్రల్ శిఖరాలు కనిపిస్తాయి. అక్కడ అందరూ వచ్చేదాకా ఆగి, చివరి ఐదు కిలోమీటర్లు మాత్రం కలిసే నడవండి. పెద్ద బ్యాగులతో కెథెడ్రల్ లోపలికి రానివ్వరు, రూములో పడేసి సాయంత్రం ఏడున్నర ప్రార్థనకి వెళ్లడం సులువు.

తిండి దగ్గర శాకాహారులకు జాగ్రత్త. సలాడ్‌లో ట్యూనా చేప వేసేస్తారు, గలీసియా సూప్‌లో పంది కొవ్వు ఉంటుంది. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" (మాంసం వద్దు, హామ్ వద్దు, ట్యూనా వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పండి, ఎందుకంటే మాంసం వద్దంటే హామ్ అనే పంది మాంసం కూడా వద్దని అందరికీ తట్టదు. బంగాళాదుంప ఆమ్లెట్ ఎక్కడైనా దొరుకుతుంది, గుడ్డు తినని వాళ్లకి చీజ్ బ్రెడ్, పళ్లు. ఇంటి నుంచి కందిపొడి, చిక్కీలు తీసుకెళ్లండి కానీ చికెన్ పచ్చడి, నెయ్యి వద్దు, మాంసం, పాల పదార్థాలు మన దగ్గర్నుంచి యూరప్‌లోకి రానివ్వరు. రాత్రి హోటళ్ల వంటగదులు ఎనిమిదిన్నరకి గానీ తెరుచుకోవు, అప్పటిదాకా ఆగలేకపోతే ఏదైనా బార్‌లో పాద్రోన్ మిరపకాయల వేపుడు చెప్పండి. చాలావరకు చప్పగానే ఉంటాయి, ఎప్పుడో ఒకటి మండుతుంది. గుంటూరు వాళ్లున్న గుంపైతే రెండు ప్లేట్లు చెప్పాల్సిందే.