పోటీ పాత్రల బొమ్మలు, 4వ భాగం: ఒకే నేల గీత మీద మైక్, సల్లీ

ముందు మూడు భాగాల్లో ఒంటి పాత్ర గీయడం అయింది. గుండ్రం, నలుచదరం, ముక్కోణంతో ఒళ్ళు కట్టడం, వెన్ను గీత వేయడం, కన్ను, రెప్ప. ఈసారి పోటీలో ఉన్న ఇద్దరిని గీస్తాం. అందుకు తీసుకున్న సినిమా 2013లో పిక్సార్ నుంచి వచ్చిన మాన్‌స్టర్స్ యూనివర్సిటీ. దర్శకుడు డాన్ స్కాన్లన్. 2001లో వచ్చిన మొదటి సినిమాలో మైక్, సల్లీ ప్రాణస్నేహితులు. ఇందులో కథ వెనక్కి వెళ్తుంది. ఇద్దరూ మనుషుల పిల్లల్ని భయపెట్టడం నేర్పే వింతజీవుల కాలేజీలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు, ఒకరంటే ఒకరికి గిట్టదు.

వీళ్ళనే ఎంచుకోవడానికి కారణం ఉంది. వీళ్ళ పోటీ మాటల్లో కంటే ఒళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. మైక్ పుస్తకాలన్నీ తిరగేసి వచ్చినవాడు, కానీ చూస్తే ఎవరికీ భయం పుట్టదు. సల్లీ పేరున్న కుటుంబంలో పుట్టాడు, నోరు తెరిచి అరిస్తే చాలు గది అదురుతుంది, కానీ పుస్తకం ముట్టడు. ఈ తేడా అంతా కాగితం మీద కొలతల్లోకి, వంపుల్లోకి వచ్చేస్తుంది. ఒక్కొక్కణ్ణి వేరే కాగితం మీద గీస్తే మాత్రం రాదు. ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఇదొక్కటే: పోటీ ఉండేది ఇద్దరి మధ్య ఖాళీలో. కాబట్టి ఇద్దరూ ఒకే కాగితం మీద, ఒకే నేల గీత మీద నిలబడాలి.

కావలసినవి

ఏ4 కాగితాలు నాలుగు, హెచ్‌బి పెన్సిలు, 2బి పెన్సిలు, స్కేలు, రబ్బరు. ఇంట్లో మార్కాపురం రాతి పలక ఉంటే బలపంతో సహా బయటికి తీయండి. చిత్తు బొమ్మలన్నీ ముందు దాని మీదే వేయాలి. చెరపడానికి ఖర్చు లేదు కనుక చెయ్యి బెదరదు. పైగా పలక మీద ఆకారాన్ని బలపంతో పూర్తిగా నింపేస్తే కళ్ళు, ముక్కు, బట్టలు అన్నీ పోయి బయటి అంచు ఒక్కటే మిగులుతుంది. బొమ్మ నిలుస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తెర మీదికి రాగానే, నోరు విప్పకముందే జనం గుర్తుపట్టేది ఆ అంచును బట్టే.

నవంబరు ముసురులో నెల్లూరు, కావలి వైపు కాగితం చెమ్మ లాగేస్తుంది. అలాంటి రోజు 2బితో గట్టిగా గీసి రబ్బరుతో రుద్దితే పైపొర లేచి నూగు వస్తుంది, దాని మీద మళ్ళీ గీత కుదరదు. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. ఆ రోజుకి హెచ్‌బితో తేలిగ్గా గీసి ఆపేయండి.

సినిమా నిడివి దాదాపు గంటా ముప్పావు. ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. మాట వినిపిస్తుంటే మన కన్ను మూతి మీదే ఉంటుంది. మాట ఆగితే భుజాల మీదికి, నడుము మీదికి దిగుతుంది.

మైక్ కొలతలు

కాగితం నిలువుగా పెట్టి, అడుగు నుంచి 4 సెం.మీ. పైన స్కేలుతో నేల గీత గీయండి. ఎడమ వైపు 5 సెం.మీ. వ్యాసంతో గుండ్రం. కాళ్ళు 3.5 సెం.మీ., సన్నగా. పైన రెండు చిన్న కొమ్ములు, ఒక్కోటి అర సెం.మీ. మొత్తం ఎత్తు 9 సెం.మీ. ఉన్నది ఒకటే కన్ను, వ్యాసం 2 సెం.మీ., గుండ్రం నడిమి కంటే కాస్త పైన. ఇవి సాధన కోసం సులువు చేసిన కొలతలు, చెయ్యి తిరిగాక మార్చుకోవచ్చు.

మైక్‌కి మెడ లేదు. తల ఊపాలన్నా, తల దించాలన్నా ఒళ్ళంతా కదలాలి. అందుకే వాడు ఏ పని చేసినా నిండా మునిగి చేస్తున్నట్టు ఉంటుంది. ఈ సినిమాలో మైక్‌ని గీసేటప్పుడు గుండ్రాన్ని ముందుకి 10 నుంచి 15 డిగ్రీలు వంచండి. నేల గీతకి నిలువుగా ఒక చుక్కల గీత గీసుకుని దాని నుంచి వంపు కొలవండి. అలా వంచితే ఎప్పుడూ మొదటి వరసలో కూర్చునే పిల్లవాడు కనిపిస్తాడు. నిటారుగా నిలబెడితే ఆ ఆత్రం పోతుంది.

కంటి దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. నల్లగుడ్డు చుట్టూ తెల్లభాగం సమంగా వదిలేస్తారు. అప్పుడు మైక్ ఉలిక్కిపడ్డట్టో, ప్రాణం లేనట్టో ఉంటాడు. పై రెప్ప నల్లగుడ్డు అంచుని కొంచెం కోసేయాలి. ఈ బొమ్మలో 2 మి.మీ. చాలు. ఇంకా దిగితే నిద్రమొహం వస్తుంది. కింది రెప్పని 1 మి.మీ. పైకి తెస్తే పట్టుదల వస్తుంది. రెండు కనుబొమలు చేసే పని ఇక్కడ ఈ రెప్పలే చేస్తాయి కాబట్టి ఈ మిల్లీమీటర్ల దగ్గర తొందరపడొద్దు. కాలేజీ రోజుల మైక్ పళ్ళకి సరిచేసే తీగ ఉంటుంది, దాన్ని ఒక సన్నగీతతో వేయండి.

సల్లీ కొలతలు

కుడి వైపు, మైక్‌కి 3 సెం.మీ. దూరంలో. ఎత్తు 20 సెం.మీ. మైక్ వాడి నడుము దగ్గరికి వస్తాడంతే. ముందు వెన్ను గీత: పాదాల నుంచి పైకి వచ్చి, నడుము దగ్గర ముందుకి పొంగి, భుజాలు వెనక్కి వాలేటట్టు ఒకే వంపు. చెయ్యి ఎత్తకుండా గీయండి. ముక్కలు ముక్కలుగా గీస్తే ఆ నిర్లక్ష్యం రాదు. దాని మీద కింద వెడల్పు తక్కువ, పైన ఎక్కువగా ఒళ్ళు కట్టండి. భుజాల దగ్గర 9 సెం.మీ. మించొద్దు. కుర్ర సల్లీ 2001 సినిమాలో సల్లీ కంటే సన్నం, నెత్తి మీద జుట్టు చెదిరి ఉంటుంది. పాత సినిమా గుర్తు పెట్టుకుని గీసేవాళ్ళు ఇక్కడే పొట్ట పెంచేస్తారు.

బొచ్చు సంగతి. 2001 సినిమాలో కంప్యూటర్ మీద సల్లీకి దాదాపు 23 లక్షల వెంట్రుకలు పెట్టారు, 2013కి అది 55 లక్షలైంది. మనకి అంత పని లేదు. భుజం, మోచెయ్యి, దవడ, మోకాలు, తోక చివర, నెత్తి, ఈ ఆరు చోట్ల అంచు మీద మాత్రం మూడేసి కుచ్చులు వేయండి. మిగతా అంచు నున్నగా వదలండి. ఒళ్ళంతా బొచ్చు గీస్తే వెన్ను వంపు దాని కింద కప్పబడిపోతుంది, సల్లీ నిలబడ్డ తీరు కనిపించదు.

మొదటి క్లాసులో సల్లీ పెన్సిలు కూడా తెచ్చుకోడు. మైక్ దగ్గర అడిగి తీసుకుని, దాంతో పళ్ళు కుట్టుకుంటాడు. ఒక్క మాట కూడా అక్కర్లేకుండా ఇద్దరి తత్వం అక్కడ తేలిపోయింది. ఆ బల్ల, ఆ పెన్సిలు ఈ పాఠంలో మొదటి బొమ్మ. మైక్ చేతిలో పెన్సిలు గీయడానికి సిద్ధంగా ఉంటుంది, సల్లీ చేతిలో అదే పుల్ల అవుతుంది. వేళ్ళ పట్టు రెండు చోట్లా వేరుగా రావాలి. మైక్ మూడు వేళ్ళ మొనతో పట్టుకుంటే, సల్లీ పిడికిట్లో పట్టుకుంటాడు.

మధ్య ఖాళీ

ఇప్పుడు ఇద్దరి కళ్ళ నుంచి స్కేలుతో చుక్కల గీతలు లాగండి. మైక్ చూపు సల్లీ మొహానికి తగలాలి. సల్లీ చూపు మైక్ నెత్తి మీదుగా దాటిపోవాలి, కనీసం 2 సెం.మీ. పైగా. ఆ పొగరు చూపించడానికి ఇంతకంటే సులువు దారి లేదు. రెండు చూపులూ కలిస్తే స్నేహితులైపోతారు. ఎవరి చూపూ ఎవరికీ తగలకపోతే ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు నిలబడ్డట్టు ఉంటుంది.

పరీక్ష రోజు గొడవకి ఖాళీని సున్నా చేయండి. ఇద్దరూ మొహం మీద మొహం పెట్టి అరుచుకుంటూ డీన్ హార్డ్‌స్క్రాబుల్ అపురూపంగా దాచుకున్న కేకల డబ్బాని పడగొడతారు. పిల్లల్ని భయపెట్టి ఆవిడ సాధించిన రికార్డు కేక దాంట్లోనే ఉంది. ఇద్దరినీ భయపెట్టే చదువులోంచి తీసేస్తుంది. ఇక్కడ సల్లీ మొదటిసారి కిందికి వంగి మైక్ కంట్లోకి చూస్తాడు. వెన్ను వంపు తిరగబడుతుంది: వెనక్కి వాలిన భుజాలు ముందుకి వస్తాయి. మొదటి బొమ్మ పక్కన ఈ బొమ్మ పెట్టి చూసుకోండి. రెండు వెన్ను గీతలూ ఒకటే వైపు వంగి ఉంటే రెండోది మళ్ళీ గీయాలి.

మూడో బొమ్మ చెరువు గట్టు. కాలేజీలో జరిగే భయపెట్టే పోటీల చివర్లో మైక్ కోసం సల్లీ పరీక్ష యంత్రాన్ని తేలిక స్థాయికి మార్చాడని బయటపడుతుంది. మైక్ తలుపు దాటి మనుషుల లోకంలోకి వెళ్తాడు, అక్కడ పిల్లలెవ్వరూ వాణ్ణి చూసి భయపడరు. రాత్రి నీళ్ళ పక్కన కూలబడతాడు. సల్లీ వచ్చి, పైకి గంభీరంగా ఉన్నా తనకీ లోపల భయమేనని ఒప్పుకుంటాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి గీయండి. కూర్చుంటే ఎత్తు తేడా తగ్గుతుంది, అదే ఈ సన్నివేశానికి బలం. సల్లీ 11 సెం.మీ., మైక్ 6 సెం.మీ. ఖాళీ 4 సెం.మీ. ఉంచండి, ఇంకా దగ్గరికి రాలేదు. మైక్ గుండ్రం ఈసారి ముందుకి కాకుండా వెనక్కి 5 డిగ్రీలు వాలాలి. ఈ ఒక్క బొమ్మలోనే ఆత్రం లేని మైక్ ఉంటాడు.

ఈ సినిమా మీద ఇంత ప్రేమ కలగడానికి ముఖ్య కారణం కూడా ఇక్కడే ఉంది. ఎంత చదివినా మైక్ భయపెట్టేవాడు కాలేడు. కథ ఆ నిజాన్ని మెత్తబరచదు. చివర్లో ఇద్దరినీ కాలేజీ నుంచి పంపించేస్తారు, మాన్‌స్టర్స్ ఇన్‌కార్పొరేటెడ్ కంపెనీలో ఉత్తరాల గదిలో పనికి చేరి అక్కడి నుంచి పైకొస్తారు. హాస్టల్ గదుల్లో ర్యాంకుల కోసం తెల్లవార్లూ కూర్చునే పిల్లలున్న నెల్లూరులో, ఒంగోలులో ఈ మాట చెప్పే పిల్లల సినిమాకి చాలా విలువుంది.

మిగతా జట్టు

పోటీల్లో మైక్, సల్లీ చేరిన జట్టు ఊజ్మా కప్పా. ఆ జట్టులో మిగతావాళ్ళని విడివిడిగా వివరంగా గీయక్కర్లేదు, పలక మీద నీడబొమ్మలు చాలు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. డాన్ కార్ల్‌టన్ వెడల్పాటి ఒళ్ళు, పెద్ద మీసం, అతుక్కునే చేతులు. ఉద్యోగం పోయాక నడివయసులో మళ్ళీ చదువుకి వచ్చినవాడు, అందుకని భుజాలు దించండి. స్క్విషీ చిన్న మెత్తటి ముద్ద, ఐదు కళ్ళు. టెర్రీ, టెరీ ఒకే ఒంటి మీద రెండు తలలు. ఆర్ట్ తలకిందులైన యు ఆకారం. నాలుగూ బలపంతో నింపి, ఇంట్లో సినిమా చూసినవాళ్ళకి చూపించండి. ఎవరెవరో చెప్పగలిగితే సరే. స్క్విషీ దగ్గర ఆగితే వాడి ఎత్తు ఇంకా తగ్గించండి.

డీన్ హార్డ్‌స్క్రాబుల్ కష్టం. రెక్కలు, కింద జెర్రి ఒళ్ళు. చాలామంది ముందు కాళ్ళు మొదలుపెడతారు, అవి దువ్వెన పళ్ళలా నిలబడిపోతాయి. ముందు కింది ఒంటిని ఎస్ వంపులో ఒక్క గీతగా లాగండి. ఆ వంపు మీద సమదూరంలో చుక్కలు పెట్టుకోండి. ప్రతి చుక్క నుంచి కాలు వంపుకి అడ్డంగా దిగాలి, నేలకి నిలువుగా కాదు. వంపు తిరిగిన చోట కాళ్ళు కూడా దిశ మారతాయి, అప్పుడే ఆవిడ జారినట్టు నడుస్తుంది. తొందర ఎరగని మనిషి కనుక పై ఒళ్ళు నిటారుగా, భుజాలు సమంగా ఉంచండి. మైక్, సల్లీ ఇద్దరి వంపుల మధ్య ఈ ఒక్క నిలువు గీత ఉంటే కాగితం మీద అధికారం ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

మైక్ గదిలో ఉండే, మాయమైపోగల ర్యాండీని చివరికి ఉంచింది ఒక చిన్న విషయం కోసం. ఈ సినిమా మొదట్లో వాడికి కళ్ళజోడు ఉంటుంది. మాయమైనా జోడు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి తీసేయమని సలహా ఇచ్చేది మైకే. జోడు తీసేశాక కళ్ళు చికిలించి చూడటం మొదలవుతుంది. పాత సినిమాలో వాడి కళ్ళలో కనిపించే ఆ కోపపు చూపు ఇలా మొదలైందన్నమాట. రెండు బొమ్మలు గీయండి: జోడుతో గుండ్రటి కళ్ళు, జోడు లేకుండా రెప్పలు రెండు వైపుల నుంచీ దగ్గరికి వచ్చి నడుమ 2 మి.మీ. సందు. నోరు మార్చొద్దు. రెప్పలు మారితే మనిషే మారిపోతాడు.

ఇంటి పని

మండల స్థాయి ఆటల పోటీలు జరిగేటప్పుడు మైదానానికి వెళ్ళండి. ఉదయగిరి, ఆత్మకూరు, కందుకూరు, గిద్దలూరు, ఎక్కడైనా సరే, రెండు బళ్ళ కబడ్డీ జట్లు ఉంటాయి. కూతకి వెళ్ళే పిల్లవాడిని, వాణ్ణి పట్టుకోవడానికి కాచుకున్న పిల్లవాడిని చూడండి. మొహాలు అక్కర్లేదు, పేర్లు రాయొద్దు. మధ్య గీతనే నేల గీతగా తీసుకుని 30 సెకన్లలో రెండు వెన్ను గీతలు, రెండు చూపుల గీతలు. అంతకంటే ఎక్కువ గీయాలని చూస్తే ఆట దాటిపోతుంది. పది జతలు గీస్తే అందులో రెండో మూడో పనికొస్తాయి. వాటిని ఇంటికొచ్చాక మైక్, సల్లీ కొలతల్లో, అంటే 9కి 20 నిష్పత్తిలో తిరగ్గీయండి.

5వ భాగంలో నోటి కదలిక, అరుపు. ఈ భాగంలో గీసిన మూడు కాగితాలూ దాచండి, నోళ్ళు వాటి మీదే వేస్తాం.