మిల్లు గోడ మీద నాలుగు అంకెలు: డాష్‌బోర్డు పెట్టేముందు చూసుకోవాల్సినవి

వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో, అంటే పత్తి నుంచి గింజ తీసి దూది చేసే మిల్లుల్లో, పీఎల్‌సీ (మెషీన్లను నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్) ప్యానెళ్ల పని చేస్తాను. ఈమధ్య ప్యానెల్‌తో పాటు గోడకు ఒక టీవీ బిగించి లెక్కలు చూపించమని, అంటే డాష్‌బోర్డు పెట్టమని కూడా అడుగుతున్నారు. ఓనరు చెప్పే మాట ఒకటే ఉంటుంది: "అన్నీ కనపడాలె." నేను అక్కడే ఆపుతాను. అన్నీ కనపడాల్సింది ఆఫీసులో కంప్యూటర్ మీద. హాల్లో నిలబడి పని చేసే మనిషి తల ఎత్తి చూసే రెండు సెకన్లలో అందేవి నాలుగు అంకెలు. అంతకు మించి పెడితే ఒక్కటి కూడా అందదు.

ఏ నాలుగు? ఆ అంకె మారితే ఎవరు కదలాలి అని అడగండి. జవాబు లేకపోతే దాన్ని గోడ మీద పెట్టొద్దు. జిన్నింగ్‌లో నేను పెట్టేవి ఇవి: ఈ షిఫ్టులో కట్టిన బేళ్లు (దూది మూటలు), నడుస్తున్న జిన్లు (గింజ తీసే మెషీన్లు), పత్తిలో తేమ శాతం, బేళ్లు కట్టే ప్రెస్ ఎన్ని నిమిషాలుగా ఆగి ఉంది. ఓఈఈ, అంటే మెషీన్ మొత్తం పనితీరును ఒకే శాతంగా చెప్పే లెక్క, పెట్టమని కొందరు పట్టుబడతారు. మెషీన్ నడిచిన సమయం 90 శాతం, వేగం 95, నాణ్యత 99 అనుకుంటే, మూడూ గుణిస్తే 84.6 వస్తుంది. నెలాఖరు రివ్యూకి అది చాలా మంచి లెక్క. కానీ 84.6 చూసి ప్రెస్ దగ్గరున్న మనిషి ఏం చేయాలి? మూడింటిలో ఏది పడిపోయిందో కూడా దాంట్లో కనపడదు. తేమ అలా కాదు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమ వరకే, 12 దాటితే కొనదు. ఎనుమాముల మార్కెట్‌కు బండి తోలిన రైతు నుంచి మిల్లు హమాలీ దాకా అందరి నోట్లో ఉండే లెక్క అది. తెర మీద 9.1 అని పడితే ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక ఒంటరి అంకె సంగతి. తెర మీద 62 అని ఉందనుకోండి. అది మంచిదా, చెడ్డదా? షిఫ్టు ఉదయం 6 నుంచి 2 వరకు, టార్గెట్ 120 బేళ్లు అయితే గంటకు 15. పదకొండింటికి 75 అయి ఉండాలి. అంటే 13 బేళ్లు వెనకపడ్డాం. బేలుకు 170 కిలోలు, దానికి ఐదు క్వింటాళ్ల దాకా పత్తి కావాలి, కాబట్టి ఆ 13 వెనక దగ్గర దగ్గర 65 క్వింటాళ్ల పత్తి యార్డులో ఆగి ఉందన్నమాట. అందుకే పెద్ద అక్షరాల్లో 62, దాని కింద చిన్నగా "ఈపాటికి 75 కావాలి" అని రాస్తాను. 62 కింద షిఫ్టు మొత్తం టార్గెట్ 120 అని రాస్తే లాభం లేదు. పొద్దున ఏడింటికి అది చూస్తే అందరూ వెనకపడినట్టే కనపడుతుంది, రెండు రోజుల్లో దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది, మీరూ పెట్టాల్సింది, అంకె వయసు మీద, అంటే అది ఎంతసేపటి కిందటిది అన్నదాని మీద. డాష్‌బోర్డులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గ్రాఫానాలో స్టాట్ ప్యానెల్ (ఒకే అంకెను పెద్దగా చూపించే గడి) పెడితే అది మామూలుగా చివరగా వచ్చిన విలువను తీసుకుని చూపిస్తుంది. డాష్‌బోర్డు టైమ్ రేంజ్ ఆరు గంటలు ఉండి, తేమ సెన్సర్ వైరు మూడు గంటల క్రితమే తెగి విలువలు రావడం ఆగిపోయినా, తెర మీద 8.2 అని పచ్చగా నిలబడే ఉంటుంది. నిజం అంకెకు, ఈ పాత అంకెకు చూపులో ఏ తేడా ఉండదు. చూసేవాళ్లు దాన్నే నమ్ముతారు. ఆ ప్యానెల్ క్వెరీ (డేటాబేస్‌ను విలువలు అడిగే ఆదేశం) ఆప్షన్లలో రిలేటివ్ టైమ్ అని ఒక గడి ఉంటుంది. దాంట్లో మూడు నిమిషాలు అని పెట్టండి. అప్పుడు మూడు నిమిషాల కంటే పాత విలువ తెర మీదకు రాదు. నో వాల్యూ అనే చోట "డేటా లేదు" అని తెలుగులో రాయండి. సున్నా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు, సున్నా కూడా ఒక కొలతే.

బేళ్ల లెక్కలో ఇంకో చిక్కు ఉంది. నాలుగు నిమిషాలకొక బేలు కాబట్టి అంకె కాసేపు కదలకపోవడం మామూలే. అది ప్రెస్ ఆగడం వల్లా, కేబుల్ ఊడడం వల్లా? దీనికి పీఎల్‌సీ నుంచి సెకనుకు ఒకటి పెరిగే అంకెను విడిగా పంపిస్తాను. అది పెరుగుతుంటే లైను బతికే ఉంది, ప్రెస్సే ఆగింది. అది కూడా ఆగితే బేళ్ల గడిని బూడిద రంగులోకి మార్చేస్తాను.

బేళ్ల మొత్తాన్ని పీఎల్‌సీలో షిఫ్టుకోసారి సున్నా చేయకండి. అలా పెరగనిచ్చి, షిఫ్టు మొదట్లో ఉన్న విలువను దాంట్లోంచి తీసేయండి. కౌంటర్‌ను కరెంటు పోయినా చెరగని మెమరీలో పెట్టండి. అది 16 బిట్లది అయితే 32767 దాటగానే మైనస్‌లోకి పోతుంది, సీజన్ మధ్యలో ఆ టెన్షన్ ఎందుకు, 32 బిట్లది తీసుకోండి. టైమ్ కూడా చూసుకోండి. డేటాబేస్ యూటీసీలో, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయంలో, రోజును లెక్కిస్తే, మనకు తెల్లవారి 5:30కి కొత్త రోజు మొదలవుతుంది. ఆరింటికి దిగాల్సిన రాత్రి షిఫ్టు చివరి అరగంట బేళ్లు పొద్దుటి వాళ్ల ఖాతాలో పడతాయి. షిఫ్టు బోనస్ ఉన్న చోట ఇది గొడవలకు దారి తీస్తుంది. క్వెరీలో ఆసియా/కోల్‌కతా టైమ్ జోన్ ఇచ్చి, షిఫ్టు 6కి మొదలవుతుందని విడిగా చెప్పాలి.

సైజుకు ఒక మోటు లెక్క: పది అడుగుల దూరానికి అంకె ఎత్తు ఒక అంగుళం. జిన్ హాల్లో ముప్పై అడుగుల నుంచి చూడాలంటే మూడంగుళాలు. 43 అంగుళాల టీవీలో రెండు వరుసల్లో నాలుగు గడులు పెడితే ఇది హాయిగా పడుతుంది. తేమకు దశాంశం తర్వాత ఒక్క అంకె చాలు, బేళ్లకు అసలే వద్దు. రంగు మారేది మనిషి కదలాల్సినప్పుడే. తేమ లాంటి ఊగే విలువకు పది నిమిషాల సగటును పీఎల్‌సీలోనే తీసుకోకపోతే గడి ఎర్రగా, పచ్చగా కొట్టుకుంటూనే ఉంటుంది. ఎరుపు, పచ్చ తేడా తెలియని మగవాళ్లు కొందరుంటారు కాబట్టి రంగుతో పాటు "తక్కువ", "ఎక్కువ" అన్న మాట కూడా పడాలి. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన వాళ్లున్న మిల్లులో ఆ మాటకు బదులు పైకీ కిందికీ బాణం గుర్తు వేస్తే అందరికీ అర్థమవుతుంది.

కరెంటు పోయి వచ్చాక ఎవరూ మౌస్ పట్టుకోకుండానే టీవీ, చిన్న కంప్యూటర్, కియోస్క్ మోడ్‌లో (మెనూలేవీ లేకుండా తెర నిండా) డాష్‌బోర్డు వాటంతట అవే తెరుచుకోవాలి.

ఓనరుకు అప్పగించేముందు సూపర్‌వైజర్‌ను పక్కన నిలబెట్టుకుని తేమ సెన్సర్ వైరు పీకండి. వాచీ చూసుకోండి. మూడు నిమిషాల్లో 8.2 పోయి "డేటా లేదు" అని రావాలి. తర్వాత పీఎల్‌సీ నెట్‌వర్క్ కేబుల్ పీకండి, నాలుగు గడులూ మారాలి. ఒక్కటి పచ్చగా మిగిలినా ఆరోజు అప్పగించకండి.