థర్మోస్టాట్ మార్చే ముందు ఒక ఫోటో

చిన్న ఆఫీసుకో షాపుకో కొత్త థర్మోస్టాట్ (ఏసీ, హీటర్లను ఆన్ ఆఫ్ చేస్తూ గది ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే గోడ పరికరం) పెట్టాలనుకుంటే, ముందు మెయిన్ ఆపేసి పాతదాని మూత తీయండి. వైర్లు కదపకముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. వైర్లు బిగించే చోట్ల (టెర్మినళ్ల) పక్కన అక్షరాలుంటాయి, ఏ వైరు ఏ అక్షరం దగ్గరుందో చీటీ రాసి ఆ వైరుకే అంటించండి. రంగును మాత్రం నమ్మొద్దు, అప్పట్లో బిగించినాయన చేతికందిన వైరు వాడేసి ఉండొచ్చు. లావుపాటి వైర్లు రెండో నాలుగో కనిపిస్తే అది మామూలు 24 వోల్టుల రకం కాకుండా నేరుగా మెయిన్ కరెంటుతో నడిచేది కావచ్చు, అక్కడే ఆగి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తర్వాత ‘సీ’ (C) టెర్మినల్ చూడండి, థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందేలా చేసే వైరు అక్కడికే వస్తుంది. వైఫై రకాల్లో చాలావాటికి ఆ వైరు ఉండాల్సిందే. ఖాళీగా ఉందా? గోడ రంధ్రంలోకి తొంగిచూడండి, వాడకుండా చుట్టి వదిలేసిన వైరు ఒకటి దొరకొచ్చు. పనయ్యాక ఆ రంధ్రాన్ని పుట్టీతో మూసేయండి. గోడలోంచి వచ్చే గాలి తగిలితే సెన్సార్ తప్పు లెక్క చెబుతుంది. ప్రింటర్ పక్కనున్నా అదే గోల.

సెట్టింగుల్లో హీటింగ్ 20, కూలింగ్ 24 అనుకోండి, మధ్యలో కనీసం 3 డిగ్రీల ఎడం ఉంచండి. లేదంటే రెండూ పంతానికి పోయినట్టు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తూనే ఉంటాయి. బయటిగాలి ఏసీ యూనిట్ ద్వారానే లోపలికి వచ్చే బిల్డింగైతే, మనుషులున్నంతసేపు ఫ్యాన్ ఆన్‌లో, తాళం వేశాక ఆటోలో (హీటింగో కూలింగో నడిచినప్పుడే తిరిగేలా) ఉండేలా షెడ్యూల్ పెట్టండి.