ప్రొఫైలర్‌ను సముద్రంలోకి దింపే ముందు జాగ్రత్తలు

ప్రొఫైలర్ అంటే సముద్రంలో నిలువుగా కట్టిన తీగ వెంట పైకీ కిందికీ తిరుగుతూ నీటిని కొలిచే పరికరం. మన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో, సముద్రం ఉన్నది వందల కిలోమీటర్ల అవతల. ఓడెక్కాక గుర్తొచ్చినా లాభం లేదు. పెట్టెలు కట్టకముందే ఇవి చూడండి.

• ముందు బరువు. తీగను పట్టుకున్న చక్రాన్ని మోటారు తిప్పుతుంటే ప్రొఫైలర్ సెకనుకు సుమారు 25 సెంటీమీటర్ల వేగంతో పైకీ కిందికీ తిరుగుతుంది. నీళ్లలో అది తనంతట తేలకూడదు, మునగకూడదు. తేడా ఉంటే మోటారుకు శ్రమ ఎక్కువ, బ్యాటరీ ముందే ఖాళీ. చివర్లో చిన్న సెన్సర్ తగిలించినా లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే. ఎవరెంత తొందరపెట్టినా ఇది వదలొద్దు.

• నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగులపై వెంట్రుక కూడా ఉండకూడదు. 1000 మీటర్ల లోతున పీడనం ఉపరితలం మీదకన్నా సుమారు 100 రెట్లు.

• ప్రొఫైలర్ గడియారం ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలోనే. మన టైమ్‌కు 5 గంటల 30 నిమిషాలు వెనక.

• ప్రోగ్రామ్‌లో ఇచ్చే లోతు హద్దులు తీగ మీద ప్రొఫైలర్‌ను ఆపే అడ్డులైన స్టాపర్ల మధ్యలోనే ఉండాలి.

• లిథియం బ్యాటరీలకు ప్రమాదకర సరుకు కాగితాలు.

• శబ్ద సంకేతం అందగానే తీగను లంగరు నుంచి విడిపించే అకౌస్టిక్ రిలీజ్‌ను డెక్ మీద పరీక్షించండి. డేటా ప్రొఫైలర్ మెమరీలోనే ఉంటే, అది పైకి రాకపోతే డేటా కూడా రాదు.

• సెన్సర్ల మూతలు తీశారా? ఇద్దరు చూసి సంతకం చేయండి.