వైజాగ్‌లో ప్రశాంతమైన చోట పెద్ద ఫ్లాట్ అద్దెకి కావాలా? ముందు కిటికీ గ్రిల్లు గోకి చూడండి

త్రిబుల్ బెడ్‌రూమ్ కావాలి, గాలీ వెలుతురూ ఉండాలి, హారన్ల మోత ఉండకూడదు, నాలుగు చెట్లున్న వీధి అయితే ఇంకా మంచిది. ఇదే మీ కోరికైతే వైజాగ్‌లో వెతకాల్సిన చోట్లు పట్టుమని పది లేవు. కిర్లంపూడి లేఅవుట్, పాండురంగాపురం, లాసన్స్ బే కాలనీ, ఈస్ట్ పాయింట్ కాలనీ, వాల్తేరు అప్‌ల్యాండ్స్, దసపల్లా హిల్స్, అంతే. ఎంవీపీ కాలనీని నేను ఈ లెక్కలో వేయను, లోపలి సెక్టార్లు బాగానే ఉంటాయిగానీ మెయిన్ రోడ్డు సందడి సందడే. ఈ చుట్టుపక్కలే నేను మూడు ఇళ్లు మారాను. మొదటిసారి బాల్కనీలోంచి సముద్రం కనబడగానే ఇంకేమీ చూడకుండా అడ్వాన్సు చేతిలో పెట్టేశాను.

ఇల్లు చూడ్డానికి వెళ్తే హాలు, మాడ్యులర్ కిచెన్ తర్వాత. ముందు కిటికీ గ్రిల్లు గోటితో గోకండి. పెచ్చులూడి ఎర్రటి పొడి రాలిందంటే ఉప్పుగాలి నేరుగా కొడుతోందన్నమాట, ఆ గాలికి గ్రిల్లే కాదు, ఏసీ బయటి యూనిట్, గేటు తాళం, బండి సైలెన్సర్, అన్నీ తుప్పే. మా ఏసీ కాయిల్‌కి రెండో ఏడాదే చిల్లుపడి గ్యాస్ పోయింది. ఓనర్ గారేమో "వాడుకునేది మీరే కదండీ" అన్నారు, అగ్రిమెంట్‌లో దాని ఊసే లేదు, జేబు నాదే ఖాళీ అయింది. అందుకే సముద్రానికి ఒకటి రెండు వీధులు వెనక, ముందు ఇంకో బిల్డింగ్ అడ్డున్న ఇల్లు చూసుకోమంటాను. గాలి ఎలాగూ వస్తుంది, తుప్పు తగ్గుతుంది, అద్దె కూడా కాస్త తగ్గుతుంది. సముద్రం చూడాలనిపిస్తే ఐదు నిమిషాల నడక.

కిటికీల దగ్గర ఉన్నప్పుడే వాటి కింద గోడ కూడా చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అద్దాలు ఫ్రేములతో సహా ఊడిపడిన ఇళ్లున్నాయిక్కడ. అంత తుఫాను రాకపోయినా అక్టోబర్, నవంబర్ వానలకి నీళ్లు లోపలికి కారే కిటికీలు చాలా ఉంటాయి. గోడ ఉబ్బి ఉన్నా, అక్కడొక్కచోటే కొత్తగా పెయింట్ వేసున్నా అనుమానించండి.

ఇక ప్రశాంతత. పొద్దున్న పదకొండింటికి బ్రోకర్ తీసుకెళ్తే ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుంది, మీరు ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి ఒంటరిగా వెళ్లి నిలబడండి. బీచ్‌కి వచ్చినవాళ్ల కార్లు మీ గేటు ముందుదాకా వస్తున్నాయా, దగ్గర్లో కళ్యాణ మండపం ఉందా, అప్పుడు తెలుస్తుంది. పాండురంగాపురం వైపైతే నేవీ డే ప్రదర్శన ఇక్కడి బీచ్‌లో పెట్టిన ఏడాది అదీ, దానికి ముందు రిహార్సళ్లూ, ఇక ఏటా డిసెంబర్ 31, అంతా హడావిడే (విమానాల విన్యాసాలు మేడ మీంచి చూడొచ్చనుకోండి, అది వేరే ఆనందం).

వీటన్నిటికన్నా ప్రమాదం పక్కింట్లో ఉంటుంది. తాళం వేసి, మామిడి చెట్టు కింద ఆకులు పేరుకుపోయిన పాత బంగళా పక్కనుంటే ఎంత బాగుందో అని ముచ్చటపడకండి, దాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారా అని కనుక్కోండి. ఇచ్చి ఉంటే రెండేళ్లు మీకు డ్రిల్లింగ్, దుమ్ము, తెల్లారగట్ల కాంక్రీట్ మిక్సర్ మోత. ఈ సంగతి బ్రోకర్ చెప్పడు, ఓనర్ చెప్పడు, వాచ్‌మన్ చెప్తాడు. అతనితో ఒక టీ తాగండి. నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు పోతే లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా, ముందున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. నీళ్ల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, సముద్రం దగ్గర బోర్లు చాలావరకు ఉప్పగానే ఉంటాయి. బాత్రూమ్‌లో సబ్బుతో చేతులు కడిగి చూడండి, నురగ రాకపోతే మీ గీజరూ వాషింగ్ మెషీనూ ఎన్నాళ్లో ఉండవు.

1800 చదరపు అడుగులన్నారని మురిసిపోవద్దు. అందులో మెట్లు, లిఫ్ట్, కారిడార్ వాటా కలిపే చెప్తారు, మామూలుగా పాతిక ముప్పై శాతం అక్కడే పోతుంది. టేపు తీసుకెళ్లి మీ మంచం, బీరువా పట్టే గదులేనా కొలుచుకోండి.

బేరం ఆడడానికి మంచి కాలం ఆషాఢం. మనవాళ్లు ఆ నెలలో ఇల్లు మారరు, టు-లెట్ బోర్డులు వేలాడుతూనే ఉంటాయి. ఆషాఢంలో మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించుకుంటామని అడిగితే అద్దె తగ్గించే ఓనర్లు ఉన్నారు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ట్రాన్స్‌ఫర్లు, పిల్లల స్కూళ్లు, ఎవరూ మాట వినరు. మాంసాహారం వండుకోనిస్తారా అని కూడా బేరం ఆడేటప్పుడే అడిగేయండి, చేరాక గొడవ పడలేం.

కాగితాల విషయానికొస్తే, మామూలుగా అగ్రిమెంట్ 11 నెలలకే రాసుకుంటారు. రిపేర్లు ఎవరివి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత కోస్తారు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఈ మూడూ అందులో ఉండాల్సిందే. అద్దె నెలకి 50 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ (ఓనర్ తరఫున అద్దెలోంచి ముందే పట్టుకునే ఆదాయపన్ను) మీరే కోసి కట్టాలి. ఈ కాలనీల్లో చాలామంది ఓనర్లు అమెరికాలో ఉంటారు, అలాంటప్పుడు ఆ 50 వేల పరిమితి వర్తించదు, ఎంత అద్దైనా దాదాపు 31 శాతం కోయాలి. అద్దె వాళ్ల నాన్నగారి ఖాతాలో వేసినా ఓనర్ ఓనరే, కాబట్టి సంతకానికి ముందే ఒక ఆడిటర్‌ని కలవండి.

తాళాలు తీసుకున్న రోజే కరెంటు మీటర్ రీడింగ్‌కీ, ప్రతి గోడకీ, కుళాయికీ ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేసేయండి. ఆ తుప్పు గ్రిల్లుది కూడా.