పాత సెడాన్ కారు సీటు: బాగు చేయడమా, మార్చడమా?

పాత కారులో గంటసేపు కూర్చునేసరికి నడుము పట్టేస్తుంటే, చాలామంది సీటు మీద మందపాటి స్పంజి వేయిస్తారు. లేదంటే కొత్త కారు సీట్లు తెచ్చి బిగించేస్తారు. రెండూ తొందరపాటే. 1950ల నుంచి 1980ల దాకా వచ్చిన సెడాన్ల సీట్లలో చాలావరకు కొత్తలో హాయిగానే ఉండేవి. ఇప్పుడు బాధపెడుతున్నాయంటే స్ప్రింగులు కుంగి, లోపలి మెత్త పొడైపోయి, కూర్చునే కోణం మారిపోయిందన్నమాట. అసలు బరువు మోసేది స్పంజి కాదు, దాని కిందున్న స్ప్రింగో పట్టీయో. అందుకే పని ఎప్పుడూ కింద నుంచి మొదలుపెట్టాలి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

మీ కారులోనే ఒక మంచి కొలబద్ద ఉంది: డ్రైవర్ పక్క సీటు. దాని మీద ఎప్పుడూ తక్కువ బరువే పడుతుంది. రెండు సీట్లకూ కుషన్ ముందు అంచు, వెనక భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలవండి. ఒకసారి ఖాళీగా, ఒకసారి ఒకే మనిషిని కూర్చోబెట్టి కొలవాలి. డ్రైవర్ సీటు వెనక భాగం రెండు సెంటీమీటర్లకు మించి కిందికి పోతుంటే స్ప్రింగులో పట్టీలో పోయినట్టే. బెంచి సీటయితే డ్రైవర్ వైపు చివర, అవతలి చివర కొలిచి పోల్చండి.

తర్వాత టార్చి వేసి సీటు కింద చూడండి. కార్పెట్ మీద పసుపో గోధుమ రంగో పొడి రాలి ఉంటే స్పంజి చివికిపోయింది. ఊడిన కొక్కెం, విరిగిన స్ప్రింగు, సాగి వేలాడుతున్న పట్టీ అయితే చూడగానే తెలిసిపోతాయి.

ఇక సీటు విప్పకుండానే చేయగల పరీక్ష ఒకటుంది. ఒక తువ్వాలును రెండు సెంటీమీటర్ల మందం వచ్చేలా మడిచి మూడు చోట్ల పెట్టి చూడాలి: ముందు తొడల కింద, తర్వాత కుషన్ వెనక భాగంలో పిరుదుల కింద, ఆఖర్న బెల్టు పెట్టుకునే ఎత్తులో నడుము వెనక. ఒక్కోచోట పెట్టి అరగంట నడపండి. పిరుదుల కింద పెట్టినప్పుడు హాయిగా ఉంటే కుషన్ అడుగు కుంగింది. నడుము దగ్గర హాయిగా ఉంటే వీపు భాగంలో మెత్త పోయింది. తొడల కింద హాయిగా ఉంటే మాత్రం సీటు విప్పి కుట్టించాల్సిన పని ఉండకపోవచ్చు, కోణం సరిచేస్తే చాలు. సీటు రైలు (సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టా) ముందు బోల్టుల కింద 10 మిల్లీమీటర్ల ఉక్కు స్పేసర్, అంటే ఎత్తు పెంచే ముక్క, వేస్తే, బోల్టుల మధ్య దూరం 40 సెంటీమీటర్లున్న రైలు మీద సీటు సుమారు ఒకటిన్నర డిగ్రీ వెనక్కి వాలుతుంది. వినడానికి కొంచెమే, తొడలకు మాత్రం వెంటనే తెలుస్తుంది. స్పేసర్ ఒకే ముక్కగా ఉండాలి, వాషర్లు దొంతర పెట్టకూడదు. బోల్టు కూడా స్పేసర్ మందం మేర పొడుగుది వేయాలి. మర లోపలికి దిగే పొడవు కనీసం బోల్టు వ్యాసమంత ఉండాలి.

విప్పేటప్పుడు

ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు బోల్టులు, పూర్తిగా ముందుకు జరిపి వెనక బోల్టులు తీయాలి. కొన్నిటికి నట్లు కారు అడుగున ఉంటాయి, అప్పుడు కింద ఒక మనిషి సాయం కావాలి.

కవరును ఫ్రేముకు పట్టి ఉంచేవి తీగ రింగులు. వాటిని కటింగ్ ప్లేయరుతో కత్తిరించండి, లాగి తెంపొద్దు. కవరు అంచుల్లోనూ మధ్య కుట్టుల్లోనూ దూర్చిన ఇనుప తీగలు ఎటువైపువో గుర్తు పెట్టుకుని దాచండి. కవరు బిగువంతా వాటి మీదే ఆధారపడి ఉంటుంది. పాత రెక్సిన్ చలికి బిరుసెక్కి పగులుతుంది కాబట్టి ఎండలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక పని మొదలుపెట్టండి. చివికిన స్పంజి పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకు మాస్కు తప్పనిసరి.

అడుగు భాగం

పాత సెడాన్లలో మూడు రకాల అడుగులు కనిపిస్తాయి.

మొదటిది చుట్టల స్ప్రింగులు. 1976లో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ123లో ఇవే ఉంటాయి. వాటి మీద రబ్బరు పట్టించిన పీచు ప్యాడ్ పరుస్తారు. పీచు విరిగి పొడైతే స్ప్రింగు చుట్టలు ఒక్కొక్కటిగా ఒంటికి తగులుతాయి. ఇక్కడ పీచు ప్యాడ్ తీసేసి స్పంజి పెట్టడం మంచి పని కాదు. పీచులోంచి గాలి ఆడుతుంది, చెమట నిలవదు, స్ప్రింగు కదలికకూ అది సరిగ్గా సరిపోతుంది. అదే రకం కొత్త ప్యాడ్ వేయడమే సరైన దారి. విరిగిన స్ప్రింగును వెల్డింగు చేయకండి. వేడికి ఉక్కు పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

రెండోది పాము మెలికల్లా వంచిన తీగ స్ప్రింగులు. వీటిలో ముందు పోయేవి చివరి కొక్కేలు, ఫ్రేములో ఆ కొక్కేలు పట్టుకునే రంధ్రాలు. రంధ్రం అరిగి కోలగా మారితే చిన్న ఉక్కు పలక వెల్డింగు చేసి కొత్త రంధ్రం వేయాలి. వెల్డింగు చేసేటప్పుడు స్ప్రింగులు తీసి పక్కన పెట్టండి. కిర్రు కిర్రుమనే చప్పుడు ఎక్కువగా ఇనుము మీద ఇనుము రాసుకోవడం వల్లే వస్తుంది. ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పులు వేస్తే ఆగిపోతుంది.

మూడోది రబ్బరు పట్టీలు. బ్రిటిష్ కార్లలో పిరెల్లి పట్టీ పేరుతో ఇది బాగా వాడారు. రబ్బరు వయసుకొద్దీ సాగిపోతుంది, అంచుల్లో బీటలు వారుతుంది. బయటికి బాగానే కనిపించినా, సాగిన పట్టీ మీద కూర్చుంటే నులక వదులైన మంచంలో పడుకున్నట్టే నడుము కిందికి జారుతుంది. కొత్త పట్టీని ఫ్రేము దూరం కంటే పది శాతం పొట్టిగా కోసి సాగదీసి బిగించాలి. 50 సెంటీమీటర్ల దూరానికి 45 సెంటీమీటర్ల పట్టీ అన్నమాట. బిగువు అన్నిటికీ ఒకేలా ఉండాలి. ఒక్కటి మాత్రమే మార్చి మిగతా పాతవి వదిలేస్తే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

ఏ రకమైనా, అడుగు సిద్ధమయ్యాక దాని మీద గోనెపట్టా గానీ గట్టి ఫెల్టు గానీ పరిచి ఫ్రేముకు కట్టాలి. ఈ పొర లేకపోతే స్ప్రింగు తీగ స్పంజిని రంపంలా కోసుకుంటూ పోతుంది. సీటు విప్పినప్పుడే రైలు పళ్లు, వీపు వాలే కీలు దగ్గర పగుళ్లు, తుప్పు పరీక్షించండి. కారు నడుస్తుండగా రైలు జారి సీటు వెనక్కి పోతే కాలు పెడల్‌కు అందదు.

స్పంజి ఎంపిక

స్పంజి కొనేటప్పుడు రెండు అంకెలు అడగాలి, అవి రెండూ ఒకటి కావు. సాంద్రత అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు అనేది. స్పంజి ఎన్నేళ్లు నిలుస్తుందో అది చెబుతుంది. గట్టిదనం న్యూటన్లలో ఉంటుంది. కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో అది చెబుతుంది. సాంద్రత ఎక్కువగా ఉండి మెత్తగా ఉండే స్పంజి దొరుకుతుంది, తక్కువ సాంద్రతతో రాయిలా ఉండేదీ దొరుకుతుంది. ఆ రెండోదే త్వరగా కూలిపోతుంది. కుషన్‌కు 38 నుంచి 45 కిలోల సాంద్రత, 150 నుంచి 200 న్యూటన్ల గట్టిదనం. వీపుకు 30 నుంచి 35 కిలోలు, 90 నుంచి 120 న్యూటన్లు బాగా సరిపోతాయి. పక్క అంచులకు ముక్కలు అతికించి నొక్కిన రీబాండెడ్ స్పంజి వేస్తే ఎక్కి దిగేటప్పుడు నలగవు.

మందం పెంచొద్దు. పాత స్పంజిలో నలగని మూల ఎక్కడో ఒకచోట ఉంటుంది, తరచుగా వీపు కిందికి దూరే అంచులో. అదే అసలు మందం. దానికి మించి నాలుగైదు సెంటీమీటర్లు పెంచితే తల పైకప్పుకు తగులుతుంది, తొడ స్టీరింగుకు రాసుకుంటుంది, మోకాళ్ల కింద ఒత్తిడి పడి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కుషన్ ముందు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

స్పంజిని కరెంటు కత్తితో, ప్రతి వైపూ 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోయండి. కవరు నిండుగా రావడానికి ఆ కాస్త అవసరం. అతికేటప్పుడు రెండు ముఖాలకూ సొల్యూషన్ రాసి, వేలికి జిగటగా తగిలేదాకా ఆరనిచ్చి నొక్కండి. ఆ అతుకు గట్టి గీతలా మారుతుంది కాబట్టి సరిగ్గా కూర్చునే చోటుకు రాకుండా చూసుకోండి.

కవరు తొడిగేముందు స్పంజి మీద పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పితే కవరు సులువుగా జారుతుంది. సరిగ్గా కూర్చున్నాక షీటు లాగేయాలి. రింగులు మధ్య నుంచి మొదలుపెట్టి మూలలవైపు, ఐదారు సెంటీమీటర్లకొకటి వేయండి. మూల నుంచి మొదలుపెడితే మధ్యలో ముడతలు పేరుకుంటాయి, వాటిని తర్వాత తీయలేరు.

వేరే కారు సీట్లు పెట్టాలంటే

ఫ్రేము పూర్తిగా తుప్పు పట్టినా, పొట్టి వీపు సీటుకు తల ఆనించే దిండు లేక మెడకు భయమున్నా సీటు మార్చడంలో అర్థముంది. వెనక నుంచి గుద్దినప్పుడు మెడను కాపాడేది ఆ దిండే. దాని పై అంచు తల పై భాగం ఎత్తు దాకా రావాలి.

సీటు కొనకముందు కారులో ఈ కొలతలు రాసుకోండి: తలుపు గుమ్మం నుంచి కారు నేల మధ్యలో ఉండే ఉబ్బు దాకా వెడల్పు, నేల దగ్గరా కుషన్ ఎత్తులోనూ; ఇప్పటి బోల్టు రంధ్రాల మధ్య దూరం నాలుగు వైపులా, ఐమూలగా కూడా; నేల నుంచి, మనిషి కూర్చుని నొక్కుకున్న కుషన్ దాకా ఎత్తు; అక్కడి నుంచి పైకప్పు దాకా ఎత్తు. అద్దం తిప్పే పిడి, చేతి బ్రేకు, వెనక కూర్చునేవాళ్ల మోకాళ్లు మర్చిపోవద్దు. రెండు తలుపుల సెడాన్ అయితే ముందుకు మడిచే సీటే కావాలి, లేకపోతే వెనకవాళ్లు బయటికి రాలేరు.

1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 సీటు సన్నగా ఉంటుందని చిన్న కార్లలో చాలామంది పెడతారు. కానీ అది నేలకు దగ్గరగా కూర్చునే కారు కోసం చేసింది. ఎత్తైన సెడాన్‌లో దాన్ని పైకి లేపకపోతే బానెట్ కనిపించదు, లేపితే కోణం మళ్లీ సరిచూసుకోవాలి.

పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటు తీసుకోవద్దు. పాత కారులో దాన్ని నడిపే వ్యవస్థ ఉండదు, పేలుడు మందు మాత్రం సీటులోనే మిగిలిపోతుంది.

సీటును నేలకు వెల్డింగు చేయకుండా, పాత రంధ్రాలకే బిగిసే అడాప్టర్ ఫ్రేము చేయించండి. అసలు సీటు మళ్లీ పెట్టుకునే దారి తెరిచి ఉంటుంది, కారు విలువా పోదు. కొత్త రంధ్రం తప్పదనుకుంటే పల్చటి నేల రేకు మీద భారం వేయకండి, అడుగున పలక వేయాలి. రేసింగు కార్లకు ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య) నియమాల్లో ఉన్న లెక్క ఇక్కడా మంచి ఆధారం: కనీసం నాలుగు చోట్ల బిగింపు, 8 మిల్లీమీటర్ల బోల్టులు, ఒక్కోచోట 40 చదరపు సెంటీమీటర్ల ఆనిక, 3 మిల్లీమీటర్ల ఉక్కు పలక. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 అనే గుర్తుండాలి.

సీటు బెల్టు విషయంలో అసలు రాజీ పడొద్దు. కొత్త కార్లలో చాలావాటికి బెల్టు బకిల్ సీటు ఫ్రేముకే ఉంటుంది. అలాంటి సీటు పెడితే గుద్దుకున్నప్పుడు మనిషి భారమంతా అడాప్టర్ మీదా, పాత నేల రేకు మీదా పడుతుంది. అవి దానికోసం చేసినవి కావు. బకిల్‌ను కారు బాడీలో మొదటి నుంచీ ఉన్న బెల్టు స్థానానికే కట్టాలి. అక్కడ సాధారణంగా అంగుళంలో 7/16 వంతు యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలతలో సన్నటి) మర ఉంటుంది. దొరికిన మిల్లీమీటర్ బోల్టును బలవంతంగా ఎక్కిస్తే మర పాడవుతుంది. మీ ప్రాంతంలో సీట్ల మార్పుకు వాహన తనిఖీ అవసరమేమో బిగించకముందే కనుక్కోండి.

బిగించాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, నాలుగు బోల్టుల బిగువూ మళ్లీ చూడండి. తీసిన పాత సీట్లను తడిలేని చోట, నేలకు ఆనకుండా, పాత దుప్పటి కప్పి దాచండి. ప్లాస్టిక్‌లో చుడితే లోపల చెమ్మ చేరి తోలుకు బూజు పడుతుంది.